ఎనిమిదో పాట

బీదర్,
ఆదివారం.

తమ్ముడు అబ్బయ్యకు నీ వదినె ప్రేమల వందనాలు. దేవుని దయతోని ఇక్కడ అందరం మంచిగున్నమని రాద్దామనుకున్న గని, అబద్ధం రాయ చెయ్యొస్తలేదు. పుణెల నువ్వు, పిల్లలన్న మంచిగుండాలె.

ఫోన్ జెయ్యక ఉత్తరమెందుకు వదినా అని అడిగినవ్. ఫోన్ల మాట్లాడితే మీ అన్న పక్కనే పండుకొని అన్నీ వింటడు. పక్షవాతానికి నోరు పడిపోయింది గని చెవులు మంచిగనే ఉన్నయి తమ్మీ.

అన్నం తింటుండా అన్నవ్. గంజి తాగుతుండు. కుడి చెయ్యి లేస్తలేదు. ఆటో వాకిట్ల ఉత్తగ నిలబడ్డది. ఇగ మాట సంగతి చెప్త ఇను. దవాఖాన్ల మాటలు నేర్పే మేడమ్ ఆయనకిష్టమైన పాటలు పెట్టుమంటే నా ఫోన్ల పెట్టిన. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే నడుమ మీ అన్న ‘ఊఁ ఊఁ’ అని వేరే పాట ఎత్తుకున్నడు! యాభై దినాలకు గొంతు లేసింది. గని ఫోన్ల ఆ పాట రాలే. నా దిక్కు చూసి ఏడ్సిండు.

అప్పుడు సమజైంది. ఆటో పెన్‌డ్రైవ్‌ల ఏ పాట ఎన్క ఏ పాటని ఆదివారాలు కూసొని పేర్చిండు గద, ఆ వరుస ఆయన తలల అట్లనే ఉన్నది. ఇగ ఒక పాట పెట్టుడు, ఆపుడు, ఆయన తీసే రాగం వినుడు, ఆ పాట ఎతుకుడు. గిట్ల ఏడు దొర్కినయి. ఐదో పాటకాడ ‘రా’ అని ఒక మాట గూడ అన్నడు. ఏడోది అయినంక మాత్రం నోరు, కండ్లు రెండూ మూస్తడు. మాట మళ్లేదుంటే ఈ మొదటి నెలలల్లనే మళ్లాలె, ఆలస్యం చెయ్యకమ్మా అన్నది మేడమ్. నా పానం కొట్టుకుంటాంది.

ఎనిమిదోది ఏందని నిన్నడిగితే నువ్వు రాసిన జవాబు నాలుగుసార్లు చదివిన. "వదినా, అది సిన్మా పాట గాదు, కీర్తన గాదు. నువ్వు జొన్నరొట్టెలు కొట్టుకుంట పాడుతుంటే అన్న సప్పుడు చెయ్యక నా ఫోన్ల పట్టిండు, నేనక్కడనే ఉన్న. ఏడోదానికి, తొమ్మిదోదానికి పొత్తు కుదురుతలేదని నడుమ నీ గొంతు పెట్టిండు" అన్నవ్.

ఇగ దాస్తే పాపం తమ్మీ. పెన్‌డ్రైవ్ పోయిందని అందరికీ చెప్పిన. పోలేదు. మీ అన్న, నేను సంఘపోళ్లను ఆటోల హుమ్నాబాద్ ప్రార్థన కూడికకు తీస్కపోతుంటే, డ్యాన్సు పాట అయిపోంగనే సిలువ పాట వచ్చింది. పాస్టరమ్మ మొకం తిప్పుకున్నది. నాకు తల కొట్టేసినట్లయింది. ఇంటికొచ్చి మొత్తం తుడిచేసి, అన్నీ కీర్తనలే నింపిన. ఆయన చూసిండు గని తిట్టలే. "మళ్ల పేర్చుకుంట తియ్యి" అన్నడు. వారం తిరగకముందే పడిపోయిండు. అయ్యో దేవుడా, అండ్ల నా పాట ఉన్నదని నాకెట్ల తెలుస్తది?

నిన్న ఆయన ముంగట కూసొని రొట్టెలు కొట్టుకుంట నేనెప్పుడు పాడే ఆ పాటనే పాడిన. కండ్లు తెర్చి విన్నడు. ఇంతల ఎడమ చెయ్యి లేపి నా నోటి మీద పెట్టిండు, ఇట్ల గాదని తల ఊపిండు.

నీ పాత ఫోన్ల యాడన్న ఉంటే నీ కాళ్లు మొక్కుత, పంపు. లేకపోతే, ఆ దినం నేనెట్ల పాడిన్నో జర యాద్ చేసి రాయి. నవ్వుకుంటనా? మెల్లగనా? నాకైతే ఎంత జేసినా యాదికొస్తలేదు.

ఇట్లు,
నీ జవాబు మీదనే పానం పెట్టుకున్న
మీ వదినె, ప్రేమల.