ఫైలులో ఒక వాక్యం

హెర్నోసాండ్, ఫిబ్రవరి 12

ప్రియమైన ఎలోఫ్ అన్నయ్యకి,

ఫోన్‌లో నువ్వు "ఊ" తప్ప ఏమీ అనవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నాకిచ్చే సహాయకుల గంటలు మున్సిపల్ ఆఫీసు వాళ్ళు వారానికి అరవై నుంచి పద్దెనిమిదికి కోసేశారు. అప్పీలు నెగ్గకపోతే ఏప్రిల్‌లో ఈ ఇల్లు వదిలి సంరక్షణ గృహానికి పోవాలి. అక్కడ సాయంత్రం ఏడింటికే పడుకోబెడతారు. నాకింకా యాభై మూడేళ్ళే.

వికలాంగుల హక్కుల సంఘంలో చేరాను. అక్కడ మైలిస్ అని ఒకావిడ ఉంది. నాలాగే చక్రాల కుర్చీ, నోరు మాత్రం కత్తి. ఏడవడానికైతే చర్చికి వెళ్ళమని, ఇక్కడ అప్పీళ్ళు రాస్తారని మొదటి రోజే చెప్పింది. ఆఫీసు నుంచి నా ఫైలు తెప్పిస్తోంది. విచారణలో నువ్వు నాలుగు మాటలు చెప్పాలట.

మూడు ఆదివారాలుగా నువ్వు రాలేదు. ఆ పూటలకి పక్కింటావిడని బతిమాలుకున్నాను. ఒంట్లో బాగానే ఉందా?

నీ చెల్లి,
గున్వోర్

ఫిబ్రవరి 20

చెల్లీ,

బాగానే ఉన్నాను. దారిలో మంచు ఎక్కువగా ఉంది. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. మనింటి సంగతి బయట చెప్పుకోవడం అమ్మకీ నచ్చేది కాదు. సంఘం వాళ్ళు విషయం తెలిసినవాళ్ళు, వాళ్ళనే చెప్పనీ. పొగబెట్టిన చేప పంపుతున్నాను.

ఎలోఫ్

మార్చి 3

అన్నయ్యా,

ఫైలు వచ్చింది. అక్టోబరులో ఆఫీసావిడ అడిగితే నువ్వు చెప్పింది అందులో ఉంది: "ఆదివారాలు అన్న చూసుకుంటున్నాడు. ఏమీ కష్టం లేదన్నాడు." గంటలు కోసింది ఈ వాక్యం చూసే.

నాలుగు రోజులు నీ పేరెత్తలేదు. నిన్న సంఘంలో చదివి వినిపించాను. నిన్ను తిడతారనుకున్నాను. మైలిస్ నవ్వింది.

"మా ఆయనా అదే అన్నాడు. మన మగాళ్ళు మునిగిపోతూ కూడా నీళ్ళు వెచ్చగానే ఉన్నాయంటారు."

గదిలో పన్నెండు మందిమి. తొమ్మిది ఇళ్ళలో ఇదే మాట. ఏ పనికి ఎన్ని నిమిషాలో ఆఫీసుకి లెక్క కావాలి, మనమేమో పర్వాలేదంటాం. విచారణ 19న. నువ్వు రాకపోతే ఆ వాక్యమే నిలుస్తుంది.

గున్వోర్

మార్చి 10

ప్రియమైన గున్వోర్,

విచారణలో నేను చదవబోయేది ముందు నువ్వు చూడు.

నిన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి నలభై నిమిషాలు. స్నానానికి గంటా పది నిమిషాలు. తిండికి యాభై, నువ్వు నవ్వితే పొలమారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఇవి ఊహించి రాసినవి కావు. ప్రతి ఆదివారం రాసి పెట్టుకున్నవే. ఎవరికీ చూపించలేదు.

జనవరిలో స్నానాల గదిలో నువ్వు జారిపడలేదు. నా నడుము పట్టేసి నిన్ను వదిలేశాను. డాక్టరు అడిగితే నువ్వు నా మొహం చూసి, జారానన్నావు. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నేను రానిది మంచు వల్ల కాదు. మళ్ళీ పడేస్తానేమోనని.

నీ స్నానం సంగతి పదిమందిలో చదవడం నీకు ఇష్టం లేకపోతే ఆ ముక్క కొట్టెయ్. పడేసిన సంగతి మాత్రం ఉంచు, అది నేను చెప్పాల్సింది.

మధ్యలో నా గొంతు ఆగిపోతే కంగారుపడి నువ్వు అందుకోవద్దు. కాసేపు ఆగి నేనే చదువుతాను.

నీ అన్న,
ఎలోఫ్