మా బడిలో గేదెలు ఎందుకున్నాయంటే

ముఖ్యమంత్రి సాయీకి,
కాలువ చివరి ఊరి నుంచి ఖమీసో లాషారీ సలాములు.

మీ కుర్చీలో మీకు ముందు కూర్చున్నాయన ఊరూరా ఆడపిల్లల బడి కడతానన్నాడు. నా గోధుమ చేను ఇచ్చాను. బడి కట్టారు. భూమి ఇచ్చినవాడికి కాపలా ఉద్యోగం ఇవ్వడం మన దగ్గర పద్ధతి కాబట్టి నన్ను కాపలాదారుణ్ణి చేశారు. పంతులమ్మను మాత్రం పంపలేదు. ఏళ్లు గడిచినా రాలేదు.

ఖాళీ బడి కనిపిస్తే మా భూస్వామి వడేరాకు చెయ్యి దురద. పక్క ఊరి బడిని అలాగే అతిథుల విడిది చేసుకున్నాడు. మా బడికీ మంచాలు మోయించుకొచ్చి, "చాచా, తాళం తియ్యి, కరాచీ నుంచి చుట్టాలొచ్చారు" అన్నాడు. "తీస్తాను సాయీ, లోపల నా చుట్టాలున్నారు, సర్దుకుంటారేమో మీరే అడగండి" అన్నాను. లోపల నా గేదెలు. ముక్కు మూసుకుని పోయాడు. అప్పటినుంచి వాటిని అక్కడే కడుతున్నాను.

మూతబడిన బడి ఒక్కటీ ఉండకూడదని మీరు రేడియోలో అన్నారు. పంతులమ్మను పంపండి, గేదెలను తోలేస్తాను. నా మనవరాలు మూమల్‌కు పాలపళ్లు ఊడుతున్నాయి, ఇంకా ఒక్క అక్షరం రాదు.

మీ ప్రజ,
ఖమీసో

తా.క. నా రాత బాగుండదు. నా చిన్నప్పుడు మగపిల్లల బడికి కూడా పంతులు పండగలకే వచ్చేవాడు.

*

గౌరవనీయులైన ఖమీసో లాషారీ గారికి,

మీ ఫిర్యాదు అందినది. అందులో గేదెల ప్రస్తావన అధికంగా ఉన్నందున దానిని పశుసంవర్ధక శాఖకు పంపడమైనది. మీ గేదెలకు త్వరలో న్యాయం జరుగుతుంది.

ఇట్లు,
ఇర్ఫాన్ మేమన్, ఫిర్యాదుల విభాగం

తా.క. గేదెలకు జబ్బు ఏమిటో మీరు రాయలేదు.

*

ఇర్ఫాన్ సాయీకి సలాం.

నేను ముఖ్యమంత్రికి రాస్తే మధ్యలో నువ్వెవరు? నా గేదెలకు జబ్బు లేదు, మీ ఆఫీసుకుంది. వాటికి న్యాయం ఎప్పుడో జరిగింది, పక్కా గదిలో పడుకుంటున్నాయి. నాకు కావలసింది చదువుకున్న ఆడమనిషి.

నిన్న వడేరా ముక్కుకు అత్తరు గుడ్డ కట్టుకుని మళ్లీ వచ్చాడు. గుమ్మం దాటి రెండడుగులు వేశాడు కూడా. వాసనకు అలవాటు పడుతున్నాడు. తొందరగా పంపు.

ఎదురుచూస్తూ,
ఖమీసో

తా.క. గేదెలను మార్చి మేకపోతులను కట్టమంటావా? వాటి వాసన గట్టిది.

*

గౌరవనీయులైన ఖమీసో లాషారీ గారికి,

మీరు కోరిన విధంగా చదువుకున్న మహిళను పంపుతున్నాము. ఆమె పశువైద్యురాలు డాక్టర్ తస్నీం జునేజో. మీ భవనాన్ని పశువైద్య కేంద్రంగా మార్చడమైనది. ఇకపై అది బడి కాదు గనుక మూతబడిన బడి కూడా కాదు. ఆ విధంగా మీ ఊరిలో ముఖ్యమంత్రి గారి విధానం సంపూర్ణంగా విజయవంతమైనది.

అభినందనలతో,
ఇర్ఫాన్ మేమన్

తా.క. కొత్త బోర్డు రంగు ఆరేవరకు గేదెలను దానికి ఒళ్లు రుద్దుకోనివ్వకండి.

*

గౌరవనీయులైన ఖమీసో లాషారీ గారికి,

ఇన్ని నెలలుగా మీరు మమ్మల్ని తిట్టకపోవడంతో అనుమానం వచ్చి ఫైలు మళ్లీ చదివాము. పొరపాటు జరిగినది. మీరు అడిగినది బడి. డాక్టర్ గారిని వెనక్కి పిలిచి, భవనాన్ని తిరిగి బడిగా నమోదు చేస్తున్నాము. పంతులమ్మ నియామకానికి అనుమతి ఇంకా రాలేదు. వచ్చేవరకు తాళంచెవులు వడేరా గారికి అప్పగించగలరు.

చింతిస్తూ,
ఇర్ఫాన్ మేమన్

తా.క. గేదెలను కూడా ఖాళీ చేయించగలరు.

*

ఇర్ఫాన్,

నీకు బుద్ధి రావడానికి ఇదా సమయం?

డాక్టరమ్మ వచ్చిన రోజే గేదెలను చూసి, "చాచా, వీటికేం లేదు, మీకే బీపీ ఉన్నట్టుంది" అంది. మూమల్ మందు సీసా పట్టుకుని, దాని మీద ఏముందని అడిగింది. గోడకు నల్లబల్ల ఇంకా ఉంది. డాక్టరమ్మ దాని మీద రాసి చూపించింది. మర్నాడు ఇంకో పిల్ల వచ్చింది, మేకతో.

బడికి పంపమంటే మొహం తిప్పుకున్న తండ్రులు, మేకకు మందు అంటే కూతుళ్లను వాళ్లే పంపుతున్నారు. మా ఊళ్లో ఇన్ని జబ్బు మేకలు ఎన్నడూ లేవు. మేకలను బయట కట్టి పిల్లలు లోపల చదువుతారు. వడేరా భార్య కూడా ఆయనకు చెప్పకుండా కూతురికి ఒక దూడనిచ్చి పంపుతోంది. ఆ దూడ నాకంటే ఆరోగ్యంగా ఉంది.

ఇప్పుడు డాక్టరమ్మను తీసేస్తే నాకు మిగిలేది బోర్డు, వడేరాకు దొరికేది విడిది. కాబట్టి మీ తప్పును దిద్దవద్దు. మా ఊరికి మీరు చేసిన మంచి అదొక్కటే. దాన్ని అలాగే ఉంచుతామని వచ్చే శుక్రవారం నమాజు వేళకు నాకు జవాబు అందాలి. అందకపోతే ముఖ్యమంత్రి గేటు ముందు గేదెలను కడతాను. పక్కా గదికి అలవాటు పడ్డాయి, లోపలికి రాకుండా నువ్వు ఆపలేవు.

బడి కాని బడికి కాపలాదారు,
ఖమీసో

తా.క. కవరు మీద ముఖ్యమంత్రి పేరు మూమల్ రాసింది. వంకరగా ఉందని దాన్నీ దిద్దకు. శుక్రవారం.