రెండో మంచం ఖాళీ

జూన్ 14, 2025

ఓనర్ ఎల్లక్క ఇంటి నుంచి ఎల్లుండి విముక్తి. నర్సింగ్ చదవడానికి మహబూబాబాద్ వచ్చిన రోజు నన్నూ బాపునూ గేటు దగ్గరే నిలబెట్టి అరగంట అడిగింది. ఎవరోళ్లు బిడ్డా, చిట్యాలల ఏ వాడ, ఎన్నెకరాలున్నయ్, అన్నదమ్ములెందరు అని. కులం తెలిశాకే తాళంచెవి చేతిలో పెట్టింది. రెండేళ్లుగా ఆమె ముక్కు నా కూరగిన్నెలోనే ఉంది. ఏం వండినవ్, ఫోన్ల ఎవలు, గింత ఆలస్యమెందుకైంది అని. ఒట్టి మొరటు మనిషి.

ఇప్పుడు కిరాయిదోస్త్ యాప్ వచ్చింది. ఫొటోలు చూసి బుక్ చేసుకోవడమే. ఎవరూ ఏమీ అడగరు. ఓనర్‌తో పని లేదు అని పెద్దక్షరాల్లో రాసి ఉంది. ఈ ఊరు బాగుపడాలంటే ఇలాంటివే రావాలి.

జూన్ 16

కొత్త రూమ్. ఫొటోలో కిటికీ అవతల కనిపించిన పచ్చదనం పక్కింటి గోడకు వేసిన రంగు. సరే, పోనీ. తాళంచెవి లేదు, తలుపు మీద నంబర్లు నొక్కాలి. లోపల మనిషి ఉంటే బోల్టు తిప్పితే చాలు. ఓనర్ పేరు ధర్మేందర్, హైదరాబాద్‌లో ఉంటాడట. మొహం చూడలేదు, చూడాల్సిన పనీ లేదు. రెండు మంచాలున్నాయి. రెండోదానికి ఇంకా ఎవరూ రాలేదు.

జూన్ 29, ఆదివారం

రెండో మంచానికి రిక్వెస్ట్ వచ్చింది. యాస్మిన్, తొర్రూరు. మా క్లాసే. రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఇక్కడ వాళ్ల పిన్ని ఉంది, ఖాలా అంటుంది, గానీ ఆ ఇంట్లో ఉన్నది ఒక్క గదే.

రూమ్‌లో ముందు నుంచి ఉన్నవాళ్లు వద్దనవచ్చు. కారణం కూడా ఆలోచించక్కర్లేదు, యాప్‌లోనే లిస్టు ఉంటుంది. 'ఆహారపు అలవాట్లు కుదరవు' నొక్కాను. స్టవ్ మీద చికెన్ ఉడుకుతోంది.

ఎందుకు నొక్కానంటే, బాపు ఏమంటాడోనని. ఒక్కదాన్నే ఉండటం హాయిగా కూడా ఉంది. వద్దన్నవాళ్ల పేరు అవతలివాళ్లకు కనబడదని కింద చిన్నక్షరాల్లో ఉంది. ఇంక బాధేముంది.

ఆగస్టు 17, సాయంత్రం 6

చిట్యాల నుంచి ఫోన్. నాయినమ్మ పోయింది.

ఆగస్టు 20, చిట్యాల

మూడో రోజని పొద్దున పిట్టకు పెట్టారు. నాయినమ్మకు ఇష్టమని కోడికూర వండారు. కాకి రావడానికి గంట పట్టింది. నాయినమ్మ కూడా అంతే, ఒక్క పిలుపుకు ఎప్పుడూ రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత అందరితో కూర్చుని తిన్నాను.

యాప్ నుంచి మెసేజ్. మూడు రోజులుగా తలుపు తెరవలేదు, కారణం తెలపండి అని. మర్యాదగా అడిగారు కదా అని నిజం రాశాను. నాయినమ్మ చనిపోయింది, రేపు వస్తున్నాను అని.

శనివారం ప్రాక్టికల్స్. రికార్డు, యూనిఫాం రూమ్‌లోనే ఉన్నాయి. రికార్డు లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోతుంది.

ఆగస్టు 21, మధ్యాహ్నం 2

తలుపు తెరుచుకోలేదు. నంబర్ మార్చేశారు.

ధర్మేందర్ యాప్‌లో మెసేజ్ పెట్టాడు. కొత్త ఇల్లు, చావు మైలతో అడుగు పెట్టొద్దు, పదకొండు రోజులయినంక రా అని. ఫోన్ ఎత్తడు. ఆ ఇంట్లో నేనున్నన్నాళ్లూ వాడు కాలు పెట్టలేదు. మహబూబాబాద్‌లో మైల హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఎలా అంటుతుంది? ఇంటర్నెట్‌లో పోతుందా? ఎల్లక్క కులం గేటు దగ్గర అడిగేది, కనీసం మొహం చూపించి. వీడు నంబర్ల వెనక దాక్కున్నాడు.

హెల్ప్ చాట్‌లో ఉన్నది మనిషి కూడా కాదు. మీ బాధ మాకు అర్థమైంది అని మూడుసార్లు రాసింది. ఓనర్ ఇంటి నియమాలను గౌరవించాలంది. నాలుగోసారి మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగింది.

సిగ్గు చంపుకుని ఎల్లక్కకు ఫోన్ చేశాను. ఆమెదీ అదే మాట. నేనైతె గూడ రానియ్యను బిడ్డా, కాని నీ బుక్కులు, బట్టలు గేటు బయట పెట్టేదాన్ని అంది. లోపల ఎవ్వలు లేరా, ఆళ్లతోని తీపియ్యరాదు అంది.

లోపల ఎవరూ లేరు. ఒక్క మనిషి ఉంటే బోల్టు తిప్పేది.

అదే రోజు, సాయంత్రం 5

క్లాసు గ్రూపులో సంగతి రాశాను. ఇరవై మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. గాడిదలు. యాస్మిన్ ఒక్కతే ఫోన్ చేసి, యాడున్నవ్ శృతీ, గక్కడనే ఉండు, వస్తున్న అంది.

ఆగస్టు 22

యాస్మిన్ ఖాలా అక్బరీ బేగం బట్టలు కుడుతుంది. ఉన్న ఒక్క గదిలో సగం కుట్టుమిషనే. ఎవరోళ్లని అడగలేదు. జర తిను బేటీ, గంతనే అంది. నిన్నా ఇవాళా పప్పే వండింది. చావింటి నుంచి వచ్చానని నీసు పెట్టడం లేదేమో. మొన్ననే కోడికూర తిన్నానని చెప్పలేదు.

పొద్దున్నుంచీ కొత్త రికార్డు రాస్తున్నాం. బొమ్మలన్నీ యాస్మిన్ వేసింది. పేజీల్లో సగం ఆమె రాతే. ఆమె రెండో యూనిఫాం నాకు భుజాల దగ్గర వదులైతే ఖాలా కుట్టు వేసి ఇచ్చింది.

ఆగస్టు 23

పరీక్ష అయిపోయింది. మేడమ్ రెండు రకాల చేతిరాత చూసింది, నా మొహం చూసింది, సంతకం పెట్టింది.

యాప్‌కు ఒక్క స్టార్ ఇచ్చాను. వీళ్లకు మానవత్వం లేదు అని రివ్యూ రాశాను. చాలాసేపు హాయిగా అనిపించింది.

ఆగస్టు 24, ఆదివారం

ఖాలా చికెన్ తెచ్చింది. శృతికి గూడ వెయ్యాల్నా అని యాస్మిన్‌ను అడిగింది. వద్దు ఖాలా, ఆమెకు మన తిండి కుదరది, జూన్లనే చెప్పింది అంది యాస్మిన్. గొంతులో కోపం లేదు. యాప్‌లో పేరు కనబడకపోతేనేం, ఆ రూమ్‌లో ఉన్నది నేనొక్కదాన్నేనని క్లాసులో అందరికీ తెలుసు.

మూడు రోజులుగా ఈ ఇంట్లో పప్పు నా కోసమే వండారు.