కెజయా లంట్ వాగుచేను

నెబ్రాస్కాలో, ప్లాట్ నదికి దక్షిణాన కాపురముంటున్న ఆబ్నర్ క్విమ్బీ అనే నేను, కాళ్లకు నీరు పట్టినా బుద్ధి నిలకడగానే ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాయించినవి చెల్లవు.

1. ఇల్లు, మెట్టచేను, ఎద్దులు నా కుమారుడు ఆసాకు. నాలుగో అంశం చదివి వాడు నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ.

2. నా రంపం పట్టుకెళ్లి తిరిగివ్వని పొరుగువాడు డోర్ఫ్‌కు ఆ రంపమే దఖలు. ఇక నన్ను చూసి పక్కదారి పట్టనక్కర్లేదు.

3. నా భార్య, కీర్తిశేషురాలు థర్జా ఉన్ని శాలువా మనవరాలు మెర్సీకి. పెట్టెలో దాచకుండా కప్పుకోవాలి.

4. వాగుచేను సర్వహక్కులతో కెజయా లంట్‌కు. ఇది దానం కాదు, ఆమెదే.

సర్కారు భూమిలో ముందుగా ఇల్లు వేసుకుని, దున్ని, కాపురమున్నవారికే వేలం కంటే ముందు కొనుక్కునే హక్కు ఉండేది. భర్త పోయాక కెజయా మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకుని ఆ వాగుగట్టు తానే దున్నింది. ఆ చలికాలం థర్జా జ్వరంతో మంచం పట్టింది. కెజయా తన ఇంటికి గొళ్లెం పెట్టి వచ్చి, మా ఇంట్లోనే ఉండి, కన్నతల్లిలా చేసి బతికించింది. వసంతంలో భూమి కచేరీకి నన్నే సాక్షిగా తెచ్చుకుంది.

"చలికాలమంతా ఈమె అక్కడే ఉందా?" అన్నాడు అధికారి.

"ఆ పొగగొట్టంలో పొగ నేను చూడలేదండి," అన్నాను.

మా ఇంట్లో ఉన్నానని ఆమె మొత్తుకుంది. నేను తల దించుకున్నాను. నేనన్నది అబద్ధం కాదు, అందుకే ఇంతగా కాలుస్తోంది. ఆమె హక్కు కొట్టేశారు, ఆ చేను నేనే కొన్నాను. కచేరీ మెట్ల మీద ఆమె, "థర్జాకి ఇంకా జావ పలచగానే పెట్టు," అని వెళ్లిపోయింది. ఆ చేని గోధుమ రొట్టె థర్జా చచ్చేదాకా ముట్టలేదు.

5. మొన్న శరదృతువులో దస్తావేజు పట్టుకుని కెజయా దగ్గరికి వెళ్లాను. ఊళ్లోవాళ్ల బట్టలుతికి పొట్ట పోసుకుంటోంది. "ఇప్పుడు పుచ్చుకుంటే నీకు హాయిగా నిద్రపడుతుంది. ముందు నువ్వు పో ఆబ్నరూ, తర్వాత తీసుకుంటాను," అంది.

6. ఈ వీలునామా అమలు కమ్మరి సైలస్ ప్రిన్డిల్‌ది. నేను కన్నుమూసిన వెంటనే గుర్రమెక్కి దీన్ని ఆమె చేతిలో పెట్టాలి. నన్ను తర్వాత పూడ్చవచ్చు. కెజయా నాకన్నా పెద్దది, పిల్లలు లేరు, దగ్గుతోంది. నేనే ముందు పోవాలి. అందుకే వైద్యుణ్ణి ఇక రావద్దన్నాను.

1881 నవంబరు 9
ఆబ్నర్ క్విమ్బీ (సంతకం)

సాక్షులు: లెవై స్టార్కీ, పడవవాడు
హల్డా బీన్, బడి పంతులమ్మ