ముందుగది తాళంచెవి

నెల్లూరు జిల్లా కోట గ్రామంలో కాపురముంటున్న హైస్కూలు సైన్సు టీచరు, కీర్తిశేషులు ఉపదేశి క్రీస్తురాజు గారి కుమార్తె, పల్లెపాటి ఏసుమణి, ఎం.ఎస్సీ., వయసు ముప్పయ్యొకటి, స్వదస్తూరీతో రాసి ఉంచిన వీలునామా ఏమనగా:

నా గుండెలో కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదనీ, కోసి బాగుచేయాలనీ వేలూరు డాక్టర్లు తేల్చారు. రేపు రైలెక్కుతున్నాను. చెడింది గుండేగానీ బుద్ధి కాదు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ ఏర్పాట్లు చేస్తున్నాను. నా పేరు పక్కన ఎం.ఎస్సీ. అని లేకుండా ఎవరైనా దీనికి నకలు తీస్తే అది చెల్లదు. మా పేటలో ఆ అక్షరాలు మొదట తెచ్చుకున్నది నేనే.

1. నాన్న వల్ల నాకు సంక్రమించిన అరెకరం మాగాణి మా అన్న హెబ్రోనుకు. 1957లో "ఆడబిడ్డకి తిరపతి చదువేంది? పెండ్లి చేసేస్తే పోలా?" అని మూడు రోజులు అన్నం మానేసింది ఈ అన్నే. పట్టా పుచ్చుకున్నప్పుడు నేను గౌనుతో తీయించుకున్న ఫోటో ఇప్పుడు వాళ్ల వసారాలో వేలాడుతోంది. వచ్చినవాళ్లకల్లా తనే చదివించానని చెబుతున్నాడు. చెప్పుకోనివ్వండి. చెప్పీ చెప్పీ కూతురు ఎలిశబెతునైనా చదివిస్తాడేమో.

2. నా చేతిగడియారం, కొత్త గొడుగు దొరవారిసత్రంలో ఉన్న మేనమామ ముత్యాలయ్యకు. దీనికి కారణం రాయాలి. తిరుపతి యూనివర్సిటీలో నేనూ, నెల్లూరు గాజుల వ్యాపారి కూతురు హజరాబీ ఒకే గదిలో ఉండేవాళ్లం. ప్రాక్టికల్సులో నేను కోసేదాన్ని, ఆమె బొమ్మలు గీసేది. రెండో ఏడు ఇద్దరం కలిసి పులికాట్ పీతల మీద పని చేశాం. మామ పడవలో మూడు రోజులు తిరిగి పట్టినవాటికి నంబర్ల దారాలు కట్టి బుట్టలో పెట్టాం. మేం నీళ్లు పోసుకుని వచ్చేసరికి అత్త వాటిని పులుసు పెట్టేసింది. "యూనివర్సిటీ పిల్లకాయలు గదా, ఎండ్రకాయలు ఇష్టంగా తింటారని చేయించినా" అన్నాడు మామ, అప్పటికే సగం తిని. నేను నెత్తి బాదుకుని ఏడ్చాను. పీతల వాసనే గిట్టని హజరా మామ కంచంలోంచి డొప్పలు ఏరి, కడిగి, ఒక్కొక్కటే స్కేలు పెట్టి కొలిచింది. బరువుల పట్టిక ఖాళీగా వదిలి, జరిగింది జరిగినట్టు రాశాం. ప్రొఫెసరు గారు చదివి నవ్వి, మార్కులు మాత్రం బాగానే వేశారు. సైన్సు చెయ్యడమంటే ఏమిటో ఆ పూట హజరాను చూశాకే నాకు తెలిసింది. మామా, నీమీద నాకు కోపం లేదు. పులుసు కూడా బాగుంది.

3. నా స్వార్జితమైన రెండు గదుల పెంకుటిల్లు, ముందుగదిలో ఉన్న మైక్రోస్కోపు, సీసాలు, బల్లలతో సహా సర్వహక్కులతో హజరాబీకి. మా స్కూల్లో మైక్రోస్కోపు లేదు. అందుకే ఏడేళ్లుగా సముద్రం పక్క పాళేల ఆడపిల్లలకు సాయంత్రాలు ఆ గదిలో పాఠం చెబుతున్నాను. తొమ్మిది మంది నెల్లూరు కాలేజీకి వెళ్లారు. ఇద్దరు తిరుపతి దాకా వెళ్లారు. ఈ మాట రాస్తుంటే నాకు గర్వంగా ఉంది, దాచుకోను. ఇప్పుడు ఐదుగురు మార్చి పరీక్షకు చదువుతున్నారు. ఇళ్లలో పెండ్లి మాటలు అప్పుడే మొదలయ్యాయి. ముందుగదికి తాళం పడితే వాళ్ల చదువు అంతటితో సరి.

4. నా పట్టుశాలువా హజరా అత్తగారు ఆమినాబీ గారికి, క్షమాపణతో. పెండ్లయి కోట బజారులో గుడ్డల కొట్టు మౌలా గారి ఇంటికి వచ్చాక హజరా పుస్తకం ముట్టలేదు. ఎనిమిదేళ్లుగా ఆ తప్పు అత్తగారిమీద వేస్తూ వచ్చాను. పోయిన నెల ఆమే మా ఇంటికి వచ్చి, "నేనెప్పుడు వద్దన్నా తల్లీ? అదే భయపడతా ఉండాది" అంది. మరి వచ్చి పాఠం చెప్పవేమని హజరాను నిలదీస్తే, "అంతా మరిచిపోయినా మణీ, పిల్లకాయల ముందర నగుబాటవుతా" అని కన్నీళ్లు పెట్టుకుంది. కాబట్టి ఒక సంగతి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మా క్లాసులో మొదటి ర్యాంకు హజరాది. నాది రెండోది. ఊరంతా నేనే ఫస్టని అనుకుంటుంటే ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను.

5. అమలు బాధ్యత ప్లీడరు మాలకొండయ్య గారిది. ఇదంతా విని ఆయన, "మనిషి పోయినాకనే గదమ్మా వీలునామా చెల్లేది. నువ్వు బతికొస్తే ఇది చిత్తుకాగితం" అన్నారు. మంచిది, నేను తిరిగొస్తే మిగతావన్నీ చించేయండి. ముందుగదికి మాత్రం నా చావుతో పని లేదు. ఎల్లుండి సోమవారం నుంచే అది హజరాది. తాళంచెవి ఈ ఉదయం ఆమినాబీ గారి చేతిలో పెట్టాను. ఐదుగురు పిల్లలనూ సాయంత్రం ఐదింటికి రమ్మన్నాను. దేవుడు నన్ను తిరిగి పంపితే, వెనక బల్లమీద కూర్చుని హజరా చెప్పే పాఠం వింటాను.

కోట, 1967 జూన్ 10, శనివారం.

(సంతకం) పల్లెపాటి ఏసుమణి, ఎం.ఎస్సీ.

సాక్షులు:
ఆనందబాబు, డ్రిల్లు మాస్టరు
హజరత్తయ్య, పోస్టుమాస్టరు