క్యారేజీలో శోధన

ఫిబ్రవరి 18, బుధవారం

నేటి నుంచి ఉపవాసం. ఈస్టర్ వరకు, పొద్దు గుంకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను.

కారణం: పాస్టర్ జగన్నాధం గారు నిన్న మా మోటార్ల రిపేరు షాపుకి వచ్చారు. మార్చి ఆరో తేదీ శుక్రవారం కూడికలో నన్ను వాక్యం చెప్పమన్నారు. అంశం, యేసు అరణ్యంలో శోధించబడటం, అంటే అపవాది అనే సైతాను ఆయన్ని ఆశపెట్టి పరీక్షించడం. కడుపునిండా తిని లేచి, నలభై రోజులు పస్తులున్న ప్రభువు గురించి ఏ ముఖంతో మాట్లాడను?

నియమం: ఎవరికీ తెలియకూడదు. ఉపవాసం ఉన్నవాడు తలకి నూనె రాసుకుని మామూలుగా తిరగాలని ప్రభువే చెప్పాడు. రాసుకున్నాను. కాస్త ఎక్కువైనట్టుంది. మా ఆవిడ భారతి ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి, ఎవరిదైనా పెళ్ళా అని అడిగింది.

సాయంత్రం: ఏం కష్టం లేదు. ఒళ్ళు తేలికగా ఉంది. ఇన్నేళ్ళూ అనవసరంగా తిన్నాను.

ఫిబ్రవరి 19, గురువారం

ఒక చిక్కు. మధ్యాహ్నం క్యారేజీ.

మామ పోయాక మా అత్త తవిటమ్మ కళింగపట్నం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. రాత్రి వంట భారతిది, పగటి వంట అత్తది. వద్దంటే ఎందుకంటుంది. చెబితే నియమం పోతుంది. పక్కన సైకిల్ షాపు అసిరయ్యకి ఇచ్చేశాను. నీకేమైందన్నాడు. గ్యాస్ అన్నాను.

అబద్ధమే. కానీ ఉపవాసం కోసం కదా.

మూత తీసింది వాడు, వాసన వచ్చింది నాకు. ఎండు నెత్తళ్ళు, వంకాయ.

ఫిబ్రవరి 21, శనివారం

ఇవాళ పనసపొట్టు కూర. అసిరయ్య కళ్ళు మూసుకుని తిన్నాడు. చూడకూడదని నేనూ మూసుకున్నాను.

షాపులో సువార్త తెరిచి చదివాను. అపవాది చెడ్డపని ఏదీ చెయ్యమనలేదు. ఆకలేసినవాణ్ణి రాళ్ళతో రొట్టె చేసుకోమన్నాడు, అంతే. రొట్టె పాపం కాదు. మరి తప్పెక్కడుంది? ఎంత ఆలోచించినా అందలేదు. ఆ ధ్యాసలో ఒక మోటారుకి వైండింగ్ తిరగేసి చుట్టాను.

ఫిబ్రవరి 23, సోమవారం

టీ తాగాను. టీ అంటే నీళ్ళే. పాలు ఉంటాయి కదా అంటే, మా టీ కొట్టులో పాలు కూడా నీళ్ళే.

ఫిబ్రవరి 25, బుధవారం

టీలో బిస్కెట్టు పడింది. దానంతట అది పడలేదు, నిజమే. పడ్డాక పారేయడం తప్పు కదా.

పైగా ఇవాళ మబ్బు. మబ్బు రోజున పొద్దు ఎప్పుడు గుంకిందో ఎవరు చెప్పగలరు? నాకు నాలుగింటికి గుంకినట్టు అనిపించింది. పునుగులు, ఒక ప్లేటు. తర్వాత ఇంకో ప్లేటు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పాస్టరు గారు కనిపించి చిక్కిపోయావన్నారు. ప్రార్థనలో ఉన్నాను లెండి అని తల వంచుకున్నాను. ఆయనకి అర్థమయ్యేంతగా వంచుకున్నాను. అర్థమైంది. నా భుజం తట్టారు.

అపవాది ప్రభువుని తీసుకెళ్ళి నిలబెట్టిన ఆలయ శిఖరం మీద నిలబడితే ఇలాగే ఉంటుందేమో. కింద అందరూ మన వంకే చూస్తున్నట్టు.

మార్చి 1, ఆదివారం

పాస్టరు గారు సంఘంలో లేచి, ధనరాజు రహస్యంగా ఉపవాసం ఉంటున్నాడని మైకులో చెప్పారు. అందరూ నా వైపు తిరిగారు. బాగుంది. చాలా బాగుంది.

ఇంటికి వచ్చాను. వంటింటి గోడ మీద అత్త పెట్టుకున్న కూర్మనాథస్వామి పటం లేదు. గుమ్మం దగ్గర ఆవిడ సంచి సర్ది ఉంది. అత్త మంచం మీద, పక్కన షుగరు మిషనుతో భారతి.

గురువారం బజారులో అసిరయ్య కనిపించి, మీ అల్లుడికి గ్యాసటగా, రోజూ మీ కూర నేనే తింటున్నానని మెచ్చుకున్నాడట. ఆ రోజు నుంచి ఆవిడ షుగరు మాత్ర మామూలుగానే వేసుకుంటోంది, అన్నం మాత్రం మానేసింది. ఇవాళ కుళాయి దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది.

"నా కూర పడ్డంలేదని ఊరోడు సెప్తే తెలియాలేటి బాబూ?" అంది. "రాత్రి నా కూతురు వండితే తింతన్నావు. నాది ఎవులికో పెట్టీస్తన్నావు. ఒకరింట్లో ఉన్నానని తెలీక ఉండిపోనాను. మా అన్న కొడుకు దగ్గరికెళ్ళిపోతాను."

కోపం లేదు. డబ్బాలో బియ్యం ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది. నాకు మైకు గుర్తొచ్చింది.

ఉపవాసం సంగతి చెప్పాను. నేనే కంచం తెచ్చి అన్నం పెట్టి, మీరు తింటేనే తింటానని ఎదురుగా కూర్చున్నాను. పట్టపగలు. ఎండ గుమ్మం దాకా వచ్చింది. మబ్బు అనడానికి లేదు.

నాలుగు ముద్దలు తిన్నాక, అడివిలో మీ దేముడికి ఏమైందని అడిగింది. రొట్టె సంగతి చెప్పాను.

"దెయ్యం సెయ్యమంటే సెయ్యలేదు, బాగానే ఉన్నాది," అంది. "వాళ్ళమ్మ వండి తెస్తే మాత్రం తినీసును."

మంచినీళ్ళు తాగుతున్న భారతికి పొలమారింది.

మార్చి 4, బుధవారం

అత్త మాట వదలడం లేదు. మళ్ళీ చదివాను. చివర దూతలు వచ్చి పరిచర్య చేశారని ఉంది. తినడానికి ఏదో తెచ్చే ఉంటారు. ఆయన వద్దన్నట్టు లేదు.

తన ఆకలి కోసం ఒక్క రాయిని ముట్టుకోనివాడే, తర్వాత వేలమంది ఆకలికి రొట్టె విరిచాడు. నువ్వు దేవుడి కొడుకువి కదా, మామూలు మనుషుల్లా పస్తుండటమేమిటి అన్నది అపవాది ఎత్తు. ఆయన మనుషులతోనే ఉండిపోయాడు. నేనేమో ఉపవాసం పేరుతో ఇంట్లో మనిషికి దూరంగా జరిగాను.

మార్చి 6, శుక్రవారం

వాక్యం చెప్పాను. రాసుకున్న కాగితాలు జేబులోనే ఉండిపోయాయి. గ్యాసు, బిస్కెట్టు, పునుగులు, మైకు, అన్నీ చెప్పేశాను. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వుకో, ఏడుపుకో తెలియలేదు.

ఆడవాళ్ళ వైపు చివరి వరసలో అత్త కూర్చుంది. రమ్మని నేను పిలవలేదు. ఇంటికి వచ్చాక ఒక్కమాటే అంది.

"పునుగుల సంగతి నాకు సెప్పలేదు."

రేపటి నుంచి మళ్ళీ ఉపవాసం. ఈసారి ఇంట్లో అందరికీ తెలుసు. పగలు క్యారేజీ వద్దన్నాను, పొద్దు గుంకాక ముగ్గురం కలిసి తిందామన్నాను. అత్త సరేనంది. అయితే రేపు పీతలు తెప్పిస్తాను, మసాలా పొద్దున్నే నూరుకుంటే సాయంత్రానికి బాగా పడుతుందంది.

పీతల పులుసు. పొద్దున్నే మసాలా.

ఉపవాసం ఇంకా మొదలవలేదు. శోధన మొదలైంది.