నాంచారమ్మ బుట్ట

బందరు, 2005 ఆగస్టు, మంగళవారం రాత్రి

ఇది రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు!

సునామీ తర్వాత చేపలమ్ముకునే నాంచారమ్మ సముద్రం వైపు తల తిప్పలేదు. వారానికోసారి నా కౌన్సెలింగ్ గదిలో కూర్చుని, అల వచ్చిన దగ్గర మొదలుపెట్టి, చెల్లెలి చెయ్యి జారిపోయిన దగ్గర ఆగిపోయేది. మాటలకు తోడుగా డాక్టరుగారు పీడకలలకి రాత్రి పూట ఒక మాత్ర ఇచ్చారు. నా దగ్గర కూర్చునే ముందు అరగంట ఒళ్ళు అలిసేలా నడిపించి చూడమని కూడా అన్నారు. నడవమంటే ఆవిడ నవ్వింది.

"చేతులూపుకుంటూ ఎక్కడికి నడుస్తానండీ? పిచ్చిదనుకుంటారు."

అందుకే పాత చేపల బుట్ట ఖాళీగానే నెత్తిన పెట్టుకుని రమ్మన్నాను. నెల రోజులుగా అలాగే వస్తోంది. పోయిన వారం ఆ చెయ్యి జారిన చోటు దాటి రెండు మాటలు చెప్పింది.

ఇవాళ గంట ఆలస్యం. తొందరపెట్టి చెడగొట్టానేమో, ఇక రాదేమో అని ఒకటే భయం. తీరా గుమ్మంలో కనబడేసరికి చిర్రెత్తి, "టైముకి రాకపోతే ఎలాగండీ?" అనేశాను. అప్పుడు చూశాను, బుట్టలోంచి నీళ్ళు కారి ఆవిడ భుజం తడిసిపోయింది. బుట్ట నిండా కానాగంత చేపలు!

"పడవల దాకా వెళ్ళారా?"

"ఖాళీ బుట్ట ఎన్నాళ్ళు మొయ్యనండీ? సిగ్గేసింది."

ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాత్రా, నడకా, మాటలా, ఏది పనిచేసిందని డాక్టరుగారు అడిగితే ఏం చెప్పను? చెల్లెలి సంగతి ఇంకా సగంలోనే ఉంది. రేపు సముద్రం కాస్త పోటెత్తితే...

కూర్చుని చెప్పమన్నాను.

"ఇవాళ కాదండీ, చేపలు మెత్తబడిపోతాయి," అంటూ వీధిలోకి వెళ్ళిపోయింది.